వాయిదాలకు నిరసనగా ఒక వాయిదా

బోధన్ కోర్టులో నేను ఓడిపోయిన కేసులు చాలానే ఉన్నాయి. కానీ ఎదుటి పక్షం నోరు విప్పకముందే, గేటు బయట నిలబడి నినాదాలిస్తూ ఓడిపోయిన వాదన మాత్రం ఒక్కటే. ఆ ఘనకార్యం చెబుతాను, చాయ్ గుటకేసే ముందు కాస్త జాగ్రత్త.

అప్పుడు నేను వకీళ్ల సంఘానికి కొత్తగా ఎన్నికైన సంయుక్త కార్యదర్శిని. కోటు కొత్తది, పదవి కొత్తది, కోపం అంతకన్నా కొత్తది. సంఘాలంటే నాకు మొదటినుంచీ వింత కుతూహలం. నాయకుడెవరైనా ఒక మాట అంటే డాక్టర్లు నల్ల బ్యాడ్జీ పెట్టుకొని మరీ సూది పొడుస్తారు. ఆఫీసుల్లో కలాలు కింద పెడతారు. మరి మావాళ్లేం చేస్తారో చూడాలని మహా ఉబలాటంగా ఉండేది.

ఆ ముచ్చట పక్కనున్న వర్నిలో జరిగిన ఒక పార్టీ సభతో తీరింది. ఒక నాయకుడు మైకు పట్టుకొని మా సంఘంలో సీనియర్ వకీలు ఖాదర్ సాబ్‌ను పేరు పెట్టి మరీ అన్నాడు: "గా వకీల్ సాబ్‌కు కేసిస్తే, తాత వేసిన కేసుకు మనుమడు వాయిదాలకు తిరగాలె!"

నేను రొప్పుకుంటూ వెళ్లి చెబితే ఖాదర్ సాబ్ సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ, "మనుమనితోనన్న ఖతమైతదన్నడా?" అని అడిగాడు.

"మీకు గుస్సా వస్తలేదా సాబ్?"

"సచ్ జెప్పినోని మీద గుస్సా ఎందుకు బేటా? చాయ్ తాగు."

నేను తాగలేదు. సంఘాన్ని పిలిచి, "ఇది ఒక్క సాబ్‌కు కాదు, నల్లకోటుకే అవమానం! రేపు కోర్టు బహిష్కరించాలె!" అని బల్ల గుద్దాను. చప్పట్లు మోగాయి. ఖాదర్ సాబ్ ఒక్కడే నా చెవిలో అన్నాడు: "రేపు నీ పోశవ్వ కేసున్నది గద?"

పోశవ్వ నా క్లయింటు. ఆమె చెరుకు తోటకు పోయే బాటకు పక్క చేను గంగారాం ముళ్లకంప అడ్డం వేశాడు. చెరుకు కోతకొచ్చింది, ట్రాక్టర్ పోయే దారి లేదు. కంప తీయించమని మర్నాడే నేను వాదించాలి, గంగారాం తరఫున ఖాదర్ సాబ్.

"ఒక్క రోజుతోటి ఏమైతది సాబ్?" అన్నాను.

మర్నాడు గేటు దగ్గర ఫోటోలకు నిలబడి గొంతు చించుకుంటుంటే పోశవ్వ వచ్చింది.

"సారూ, మన కేసు ఏమాయె?"

"వాయిదా పడ్డదవ్వా. రెండు వారాలు."

"జడ్జి సారు రాలేదా?"

"వచ్చిండు. మేమే లోపలికి పోలే."

"ఎందుకు?"

"వకీళ్లు ఉత్తగ వాయిదాలే తీసుకుంటరని ఓ లీడర్ అన్నడు. గది అబద్ధమని..."

నా మాట పూర్తికాకుండానే పోశవ్వ అందుకుంది.

"అబద్ధమని జెప్పేటందుకు వాయిదా తీసుకున్నరా?"

అందులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తర్వాత నెమ్మదిగా, "మీకు కోపమొస్తే నా చెరుకెందుకు ఎండాలె సారూ?" అంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. గుమ్మడికాయల దొంగ అంటే ఎవరో భుజాలు తడుముకున్నారట. మేం ఏకంగా గుమ్మడికాయను నెత్తిన పెట్టుకొని ఊరేగాం!

పేపర్లో మా ఫోటో వచ్చిన రోజే గంగారాం తన వకీలు ఖాదర్ సాబ్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. "సాబ్, గా లీడర్ మాట నేను నమ్మలే. గీ ఫోటో జూసినంక నమ్మిన. నా మనుమని దాక వాయిదాలకు తిరుక్కుంట గా కంపకు కావలి నేనెక్కడుందు? పొద్దుగాలనే పీకి పారేసిన."

అలా నా మొదటి పెద్ద కేసును ఒక్క తిట్టుతో నాయకుడే గెలిపించాడు. తోట కోత అయ్యాక పోశవ్వ చెరుకు గడ పట్టుకొని వచ్చింది.

"లీడర్ సారుకు రెండు గడలిచ్చొచ్చిన. ఇగో, నీకొకటి."

ఖాదర్ సాబ్ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నేను ఆ గడ మీదే చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరైనా నన్ను దొంగ అంటే, కాదని నిరూపించడానికి వాళ్ల జేబులో మాత్రం చెయ్యి పెట్టను.