బావ బుర్రలో కొత్త కణాలు

తొంభైల్లో మద్దిలపాలెంలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ని. మెదడు పాఠం వచ్చినప్పుడల్లా ఒకటే మాట: పెద్దవాళ్ల మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవు, ఉన్నవి పోవడమే. పిల్లలు అదే రాసి మార్కులు తెచ్చుకునేవారు.

ఆ పాఠంతో అసలు లాభపడింది మా అక్క భర్త. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యి, పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నాడు బావ. మర్నాడే టీవీ ముందు కుర్చీలో పర్మనెంటు ఉద్యోగానికి చేరిపోయాడు. అక్క ఏదైనా నేర్చుకోమంటే చాలు, నన్ను సాక్ష్యానికి లాగేవాడు.

"నన్నేటి సెయ్యమంతావు? ఈ వయసులో బుర్రలో కొత్తగా ఏటీ పుట్టదని మీ తమ్ముడే సెప్పినాడు. సైన్సు!"

రెండువేల సంవత్సరం దాటాక ఒకరోజు లైబ్రరీలో విదేశీ పత్రిక తిరగేస్తూ ఉలిక్కిపడ్డాను. పెద్దవాళ్ల మెదడులో కూడా, జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్ అనే భాగంలో, కొత్త కణాలు పుడుతున్నాయట. ఎలుకల్లో చూస్తే, పుట్టినవాటిలో చాలా భాగం కొద్ది వారాల్లోనే పోతాయట. కొత్త విద్య నేర్చుకుంటే మాత్రం ఎక్కువ నిలుస్తాయట. ఆదివారం పెందుర్తి వెళ్లి ఈ శుభవార్త వినిపించాను. మంజూరైన సెలవు రద్దయినట్టు చూశాడు బావ.

"మరి ఇన్నాళ్లూ పుట్టవని నువ్వే సెప్పినావు కదేటి?"

"అప్పటి సిలబస్ అది."

"సిలబస్ మారితే నా బుర్ర మారిపోద్దేటి?"

వంటింట్లోంచి అక్క తీర్పు వచ్చింది. "పుట్టినోటిని పస్తులెట్టి సంపేత్తారేటి? ఏదోటి నేర్సుకోండి."

బావ ఉర్దూ ఎంచుకున్నాడు. ఓల్డ్ టౌన్‌లో గడియారాలు బాగుచేసే ముస్లిం పెద్దాయన ఆయనకు చిరకాల స్నేహితుడు. "ఆడు నేర్పడు, నాను నేర్సుకోను. టీ తాగి వచ్చేత్తాను" అని నా చెవిలో చెప్పాడు. గొప్ప పథకమే. కాకపోతే ఆ పెద్దాయన మనవలంతా ఇంగ్లీషు మీడియం. అలిఫ్, బే అంటూ అక్షరాలు చెప్పించుకునే మనిషి కోసం ఆయన ఎన్నేళ్లుగా కాచుకుని ఉన్నాడో బావకు తెలీదు.

తోడుగా ఒకరోజు నేనూ వెళ్లాను. పెద్దాయన పలక మీద పడవలాంటి గీత గీశాడు.

"కింద ఒక చుక్క పెడితే బే. మూడు పెడితే పే. పైన రెండయితే తే."

"గీత ఒకటే కదా భాయ్! సుక్కలు మార్చేసి మూడక్షరాలంటే ఎలాగ?"

"గడియారంలో ముళ్లు కూడా అవే కదా. టైము ఒకటేనా?"

బావకు కోపమొచ్చింది. ఆ కోపంతోనే మర్నాడూ బస్సెక్కాడు. నెలల తరబడి బేని పే అని, పేని తే అని చదివి తిట్లు తిన్నాడు. నేనూ మొదలుపెట్టి వారంలో మానేశాను. కాలేజీలో పని ఎక్కువని చెప్పాను, అందరూ నమ్మినట్టు నటించారు. ఒకేలా కనిపించే జ్ఞాపకాలను కలగాపులగం కాకుండా విడదీసుకోవడంలో ఆ కొత్త కణాల సాయం ఉండొచ్చని కొన్నేళ్లకు చదివాను. బావ విషయంలో అదే జరిగిందా అంటే చెప్పలేను. పుర్రె తెరిచి చూడాలి. ఆయన ఒప్పుకోడు గానీ అక్కకు అభ్యంతరం ఉండేది కాదు.

తర్వాతి ఏడాది పెద్దాయన మనవరాలి పెళ్లి కుదిరింది. ఒక ఆదివారం, నేనూ అక్కడుండగా, ఆయన ఉర్దూలో అచ్చేసిన కార్డు పట్టుకుని పెందుర్తి వచ్చాడు. బావ కళ్లజోడు పెట్టుకుని, కుడి నుంచి ఎడమకి వేలు జరుపుతూ, పెళ్లికూతురి పేరు చదివాడు. పెళ్లికొడుకు పేరు దగ్గర ఆగి, చుక్కలు లెక్కపెట్టుకుని, అదీ చదివాడు. చెమట పట్టింది. పెద్దాయన కార్డు మీదికి వంగి ఆ వేలి వెంటే చూశాడు. నాకు వెటకారం ఒక్కటీ తోచలేదు.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది. "బాగానే ఉంది గానీ, భోజనాలు ఎన్ని గంటలకో అది సదవండి."

"ఉండెహె" అన్నాడు బావ, వేలు తియ్యకుండా. "ఇంకా ఆ లైనుకి రాలేదు."