‘నిన్న నేను చెప్పింది తప్పు’

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా బడి ఆయా. నారాయణగూడలో మా హైస్కూలు నుంచి రాంనగర్‌లోని తన ఇంటికి నడిచి వెళ్తూ, దారిలో అశోక్‌నగర్‌లో మా గేటు ముందు ఆగింది. జ్వరం వల్ల నేను ఆ రోజు బడికి వెళ్ళలేదు. లోపలికి రమ్మన్నా రాలేదు, గేటు పట్టుకునే చెప్పింది.

“టీచరమ్మా, మన సైన్సు మేడమ్‌ను ఇగ రావద్దన్నరంట. తన తెల్ల బాలు, టార్చిలైటు సంచిల ఏసుకొని పోయింది. పిల్లలు మెట్ల మీద నిలబడి చూస్తనే ఉన్నరు. నాకైతే మనసున పడ్తలేదు.”

నాకు కోపం రాదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే, రోజూ దీపం పెట్టుకుని కూర్చున్నప్పుడు అడగడానికి నాకు పెద్దగా ఏమీ ఉండదు. ఇచ్చినవాటిని తలచుకుని దండం పెట్టుకోవడానికే పొద్దు సరిపోతుంది. కానీ ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుంటే ఒక్క కృతజ్ఞత మాటా నోట రాలేదు. కోపమే వచ్చింది. ఇప్పటికీ అది పోలేదు. పోకూడదనే రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంత చెప్పాలి, లేకపోతే మా బడిలో ఏం పోయిందో మీకు అర్థం కాదు. నేను చిన్నప్పుడు బడికి వెళ్ళలేదు. ఆయాసం ఉండేది. చిక్కడపల్లి సందులో మా పెద్దమ్మ తన వంటింటి గడప మీద కూర్చోబెట్టి నాకు చదువు చెప్పింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పద్యం చెప్పేది. నేను తప్పు చదివితే చేతిలోని కాయ ఆగేది, అంతే. ఆ తరువాత పరీక్షలన్నీ ప్రైవేటుగానే రాశాను, డిగ్రీలూ ఇంట్లో ఉండే చదివాను. అలా తెలుగు టీచరుగా చేరిన రోజునే నేను మొదటిసారి తరగతి గదిలో అడుగుపెట్టాను. గంట కొడితే పిల్లలందరికీ ఎటు పోవాలో తెలుసు, నాకు తెలియదు.

వరండాలో దిక్కులు చూస్తున్న నన్ను లెక్కల మేడమ్ చూసింది. మా అందరికంటే పెద్దావిడ, ఇప్పటికీ ఆవిడే పెద్ద. ఏమీ అడగలేదు. “నా క్లాసుల ఆఖరి బెంచీ మీద కూసో. పెన్ను తేకు. రాసుకునుడు మొదలుపెడితే చూసుడు బందైతది” అంది. ఆ యేడాది నాకు ఖాళీ పీరియడ్ దొరికినప్పుడల్లా ఎవరో ఒకరి ఆఖరి బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు గోల చేస్తుంటే గొంతు పెంచకుండా తగ్గించాలని, బోర్డు మీద రాస్తున్నప్పుడు కూడా భుజం పిల్లల వైపే ఉండాలని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ బెంచీలు చెప్పాయి. ఆ మేలు ఈ జన్మలో తీరేది కాదు.

శనివారం ఒంటిపూట అయ్యాక లెక్కల మేడమ్ ఇంకో అలవాటు నడిపేది. తొమ్మిదో తరగతి గదిలో టీ తాగుతూ కూర్చునేవాళ్ళం. ఆ వారం తనకు చెడిపోయిన పాఠం ఒక్కొక్కరూ చెప్పాలి. మంచిది చెప్పబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేది. “మంచిగ చెప్పినయి మీ అత్తగారింట్ల చెప్పుకోండి. ఇక్కడ చెడిపోయినయే” అనేది. నవ్వుకునేవాళ్ళం, సిగ్గుపడేవాళ్ళం. సోమవారానికి ఎవరి పాఠం వాళ్ళు కొంచెం బాగుచేసుకుని వచ్చేవాళ్ళం.

సైన్సు మేడమ్ ఈ అలవాటులోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. మహబూబ్‌నగర్ వైపు అమ్మాయి. భర్త గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ తెల్లవారితే లైబ్రరీకి వెళ్ళిపోతాడు. అశోక్‌నగర్‌లో అలాంటి ఇళ్ళు వీధికి పది. ఆ ఇంటి కిరాయి, తిండి, అతని కోచింగు అన్నీ ఈమె జీతం మీదే. నన్ను అక్కా అనేది.

ఒక శనివారం ఆమె వంతు వచ్చింది. ఎనిమిదో తరగతికి చంద్రకళలు చెప్పిందట. భూమి నీడ మీద పడటం వల్లనే చంద్రుడు రోజురోజుకీ తరిగిపోతాడని చెప్పేసింది. తనకు చిన్నప్పుడు అలాగే చెప్పారు, ఎన్నడూ ఆగి ఆలోచించలేదు. అప్పుడు ముందు వరసలో ఒక పిల్ల లేచి అడిగింది.

“నీడ పడితే గ్రహణం గద మిస్? గట్లయితే రోజూ గ్రహణమేనా? మా నానమ్మ రోజూ పచ్చడి జాడీల మీద గరిక ఏయాల్నా?”

తరగతంతా పగలబడి నవ్విందట. తనూ నవ్వేసి గంట కొట్టేదాకా గడిపి ఇంటికి పోయింది. రాత్రి అన్నం కలుపుతూ చెయ్యి ఆగిపోయిందట. పిల్ల అన్నదే నిజం. నీడ సంగతి గ్రహణానికే చెల్లుతుంది. చంద్రుడిలో సగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది, ఆ వెలుగు పడ్డ సగంలో మనవైపు తిరిగింది ఎంతో అంతే మనకు కనిపిస్తుంది. మర్నాడు తరగతికి వెళ్ళి, పుస్తకం తెరవకముందే చెప్పింది: “నిన్న నేను చెప్పింది తప్పు. నాకు తెల్వక చెప్పిన. ఆ పిల్ల అడిగినందుకు తెలిసింది.”

ఆమె చెప్పడం అయ్యాక లెక్కల మేడమ్ టీ కప్పు కింద పెట్టింది. తరువాత అంది, “సరే, తప్పని చెప్పినవు. ఒప్పు ఎట్ల చూపిస్తవు?”

అక్కడ నాకు తెలిసిన చిన్న ముక్క పనికొచ్చింది. సంకటహర చతుర్థికి నేను ఉపవాసం ఉంటాను, చంద్రుడు వచ్చేదాకా డాబా మీద ఎదురుచూడటం అలవాటు. మొన్ననే చవితి వెళ్ళింది కాబట్టి ఇంకో నాలుగైదు రోజులు బడి మొదలయ్యే వేళకు కూడా చంద్రుడు పడమట కనిపిస్తాడని చెప్పాను. ఆమె కళ్ళు మెరిశాయి. సోమవారం పిల్లల్ని బడి డాబా ఎక్కించింది. వీపున తూర్పు ఎండ, ఎదురుగా పాలిపోయిన చంద్రుడు. తెల్ల బాలు ఒకటి చేయి చాచి చంద్రుడి పక్కన పట్టుకోమంది. బాలు మీద ఎండ పడ్డ మేర ఎంతో, చంద్రుడూ అంతే. మర్నాడు రెండూ కాస్త తగ్గాయి. ఆ పై రోజు ఇంకాస్త. నేను ఆఖరి బెంచీ లేని ఆ తరగతిలో పిట్టగోడకు ఆనుకుని నిలబడి చూశాను. ఇన్నేళ్ళు చంద్రుడికి అర్ఘ్యం ఇచ్చాను గానీ, ఆయన్ని అంత సరిగ్గా చూసింది ఆ పొద్దుటే.

అంతవరకే జరిగి ఉంటే నేను ఇప్పుడు కృతజ్ఞతతో రాసేదాన్ని.

అప్పుడే మా బడికి అకడమిక్ డైరెక్టర్ అని ఒకాయన వచ్చాడు. టీచర్లను అభివృద్ధి చేస్తానన్నాడు. హాల్లో ‘ఉత్తమ బోధనా పద్ధతులు పంచుకుందాం’ అని గోడంత ఫ్లెక్సీ కట్టించాడు. అందరికీ తలొక ఫోల్డరు, రంగురంగుల అంటింపు కాగితాలు. పొద్దున్నంతా మాతో బెలూన్లు ఊదించాడు. మోకాళ్ళ నొప్పులతో ఉన్న లెక్కల మేడమ్‌ను కూడా బెలూను కింద పడకుండా ఆడమన్నాడు, దానివల్ల జట్టు భావన పెరుగుతుందట. ఆవిడ బెలూనును పక్కనే ఉన్న డ్రిల్లు సారు చేతిలో పెట్టి కూర్చుంది. “నా జట్టు భావన గీయన కాడున్నది” అంది.

మధ్యాహ్నం ఒక్కొక్కరూ తమ మంచి పాఠం గురించి మాట్లాడాలి. కెమెరా ఒకటి పెట్టారు. ఇది మన మధ్యే ఉంటుంది, మనసు విప్పి మాట్లాడండి అని డైరెక్టరు రెండుసార్లు చెప్పాడు. చాలామంది ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలు తెర మీద వేసి చూపించారు. సైన్సు మేడమ్ బాలు తెచ్చింది. తప్పు చెప్పిన దగ్గర మొదలుపెట్టి డాబా మీది చంద్రుడి దాకా చెప్పింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది డైరెక్టరే.

ఆ వారంలోనే ఆ వీడియో ముక్క తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. ముక్క అని ఎందుకంటున్నానంటే, డాబా లేదు, బాలు లేదు, చంద్రుడూ లేడు. “నేను చెప్పింది తప్పు. నాకు తెల్వక చెప్పిన” అన్నంత వరకే ఉంది. మన బడి టీచర్ల నిజాయితీ అని ఎవరో కింద రాశారు కూడా. ఇంకేముంది! ఇందుకేనా వేలకు వేలు ఫీజులు కట్టేది అని ఒకరు, మా వాడికి ఇంకా ఏమేం తప్పులు నేర్పారో అని ఒకరు. ఆ గొడవతోనే ఆమెను రావద్దన్నారు, ఆ కబురు ఆయా నోట మా గేటు దగ్గరికి ఎలా చేరిందో మొదటే చెప్పాను.

మర్నాడు జ్వరం పూర్తిగా తగ్గకపోయినా లెక్కల మేడమ్‌తో కలిసి, బడి నడిపే కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్ళాను. డైరెక్టరూ అక్కడే ఉన్నాడు. కరస్పాండెంట్ చెడ్డవాడు కాదు, మాకు కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. తనకు ఆ అమ్మాయి మీద కోపం ఏమీ లేదని, పేరెంట్స్‌కు జవాబు చెప్పుకోలేక చస్తున్నానని అన్నాడు.

“తప్పు చెప్పే టీచర్లు మీ బడిల ఇంకెందరున్నరని అడుగుతున్నరమ్మా. నేనేం చెప్పాలె?”

“అందరం ఉన్నమని చెప్పండి సార్” అంది లెక్కల మేడమ్. “నాకు ముప్పై ఏండ్ల సర్వీసు. నా పేరు మొదట చెప్పండి.”

ఆయన నవ్వి, మీరు కూడా అట్లంటే బడి నడుస్తదా అన్నాడు. ఆ నవ్వుకే నాకు మండింది. మన మధ్యే ఉంటుందన్న మాట ఏమైందని డైరెక్టరును అడిగాను. వీడియో తను పెట్టలేదని, అడ్మిషన్ల పని చూసే వాళ్ళు పెట్టారని అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, ఇంకా దారి ఉందన్నాడు. ఆమె ఇంకో చిన్న వీడియోలో మాట్లాడితే చాలట. పిల్లలు కనిపెడతారో లేదో చూద్దామని కావాలనే తప్పు చెప్పానని, అది ఒక బోధనా పద్ధతని చెప్పాలట. అప్పుడు ఉద్యోగమూ ఉంటుంది, అది ఉత్తమ పద్ధతుల పట్టికలోకీ ఎక్కుతుంది.

మంచి పాఠం పంచుకోవడమంటే ఈయన దృష్టిలో ఇదన్నమాట. తప్పు ఒప్పుకుంటే బడికి మచ్చ. అదే తప్పుకు అబద్ధపు ముసుగు వేస్తే శిక్షణ.

ఆ మాట మోసుకుని ఇద్దరం ఆమె ఇంటికి వెళ్ళాం. మెట్ల కింద ఒక గది, వంటకు అందులోనే ఒక మూల. భర్త పుస్తకాలు మంచం మీదంతా పరిచి ఉన్నాయి. అతను నేల మీద కూర్చుని, తల దించుకుని వింటున్నాడు. ఒప్పుకోమని గానీ వద్దని గానీ అనలేదు. ఆమె మాకు మంచినీళ్ళు ఇచ్చి, తను నిలబడే మాట్లాడింది.

“మొదటిది తెల్వక చెప్పిన అక్కా. ఇది తెలిసి చెప్పాలె. రోజూ గ్రహణమేనా అని అడిగిన పిల్ల ఆ వీడియో చూస్తది గదా. ఎవరిని నమ్మాలె అది?”

లెక్కల మేడమ్ లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు.

సైన్సు మేడమ్ తిరిగి రాలేదు. కాచిగూడలో ఒక ట్యూషన్ సెంటరులో చేరింది. మా బడిలో ఇచ్చినంత జీతం లేదట. భర్త కోచింగు మానేసి, సాయంత్రాలు ఒక కొట్లో లెక్కలు చూస్తూ మిగతా పొద్దు చదువుకుంటున్నాడు. డైరెక్టరు మా బడిలోనే ఉన్నాడు. ఫ్లెక్సీ కూడా ఉంది, వానకు ఒక మూల రంగు పోయింది.

శనివారాలు కూర్చోవడం కూడా ఉంది, ఇప్పుడది టైంటేబుల్లోకి ఎక్కింది. అందరూ బాగా జరిగిన పాఠాలే చెబుతారు. చెడిపోయింది చెప్పమని లెక్కల మేడమ్ అడిగితే, ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలుపు వైపు చూస్తారు. వాళ్ళను నేను తప్పు పట్టను. కెమెరా ఎక్కడుందో ఎవరికి తెలుసు? కిందటి వారం కొత్తగా చేరిన ఇంగ్లీషు టీచరును నా ఆఖరి బెంచీ మీద కూర్చోమన్నాను. ఎందుకు మేడమ్, నేనేమైనా తప్పు చేశానా అని భయపడింది. ఒకప్పుడు నాకు ప్రాణం పోసిన బెంచీ అది! దాన్ని ముద్దాయి బోనులా చేసి పెట్టారు.

నా పెద్దమ్మకు, లెక్కల మేడమ్‌కు, వాళ్ళను నాకిచ్చిన దేవుడికి నేను రోజూ దండం పెట్టుకుంటాను. మిమ్మల్ని అడిగేది వాళ్ళ కోసం కాదు. ఏదో ఒక సాయంత్రం మీ పిల్లో పిల్లాడో బడి నుంచి వచ్చి, మా మిస్ నిన్న చెప్పింది తప్పట, ఇవాళ మళ్ళీ చెప్పింది అంటే, ఫోను చేతిలోకి తీసుకోకండి. ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, ఇవాళ ఏం చెప్పిందో వినండి. విన్నాక, కాచిగూడ ట్యూషన్ సెంటరులో తెల్ల బాలు చేతపట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయిని ఒక్కసారి తలచుకోండి.