బయటి గొళ్ళెం

రాజనర్సయ్య చేతిలో మరలు బిగించే పేచ్‌కస్ ఉన్నంతసేపూ నోట్లో దేశం ఉండేది. అమీర్‌పేటలోంచి మధురానగర్ వైపు పోయే గల్లీలో వాళ్ళది రెండు గదుల పెంకుటిల్లు. ఏదో ఒకటి చెడిపోకుండా ఆ ఇంట్లో వారం గడిచేది కాదు. వానాకాలం వచ్చిందంటే వంటింటి మూల కారేది, కిటికీ రెక్క ఉబ్బి మూతపడేది కాదు. నల్లా ఎంత బిగించినా బొట్లు బొట్లుగా కారుతూనే ఉండేది. ఇస్త్రీపెట్టె పెడితే చాలు, ఫ్యూజు పోయేది. స్టూలెక్కి ఫ్యూజు తీగ చుడుతూ, నల్లా విప్పి వాషరు మారుస్తూ, పొద్దున పేపర్లో చదివిన సంగతులన్నీ పెద్ద గొంతుతో చెప్పుకుపోయేవాడు. దేశం కూడా కారే నల్లాలాంటిదేననీ, ఎక్కడ అరిగిందో చూసి సరైన వాషరు వేస్తే ఆగుతుందనీ అతని నమ్మకం.

కింద స్టూలు పట్టుకుని వినేది అతని భార్య రుద్రమ్మ. ఆమెకు చదువు రాదు. మెదక్ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునేవాళ్ళ ఇంట్లో పుట్టి, పెళ్ళితో పట్నం వచ్చిన మనిషి. అతను పావుగంట చెప్పినదానికి ఆమె ఒక్క ముక్కలో జవాబిచ్చేది. ప్రభుత్వం చవకగా బియ్యం ఇస్తుందట అని ఒకరోజు అతను ఉత్సాహపడిపోతుంటే, "ఇయ్యనీ. ముందుగాల గీ నల్లాల నీళ్ళు రానీ, వండుకునేటందుకు" అంది. రాజనర్సయ్య స్టూలు మీదే నవ్వాడు. మర్నాడు ఆఫీసులో ఆ మాటను తన మాటగా చెప్పి నలుగురినీ నవ్వించాడు కూడా. అలాంటివి చాలా జరిగాయి. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ లోటు గురించి మాట్లాడుకోవడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. మాట్లాడుకోవడానికి పేపరుంది, ఇల్లుంది.

ఎనభై మూడులో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం వచ్చింది. రాజనర్సయ్య దానికే ఓటేశాడు. వచ్చిన కొద్ది రోజులకే అది ఉద్యోగుల రిటైర్‌మెంటు వయసును యాభై ఎనిమిది నుంచి యాభై ఐదుకు దించింది. ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు గది చూసుకునే రాజనర్సయ్యకు యాభై ఐదు అప్పటికే దాటింది. మెడలో పూలదండతో ఇంటికి పంపించేశారు. ఊరేగింపుల్లో నడిచాడు, గొంతు పోయేలా నినాదాలిచ్చాడు. ఏమీ కాలేదు. ఇంటికొచ్చి గోడకు చేరగిలబడి కూర్చుంటే రుద్రమ్మ మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు ఇంట్ల ఉంటే ఇల్లన్న బాగైతది. దేశం సంగతి జర తర్వాత చూడు" అంది.

అలా పొద్దస్తమానం ఇంట్లో ఉండబట్టే అతనికి ఆ సంగతి తెలిసింది. ఆఫీసుకు పోతూ ఉంటే ఇంకెన్నాళ్ళకు తెలిసేదో.

వంటింటి కిటికీ రెక్క ఊడిందని రుద్రమ్మ చెప్పింది. బాగుచేశాడు. మర్నాడు మళ్ళీ అదే చెప్పింది. చూస్తే బాగానే ఉంది. ఆ తర్వాతి రోజూ అదే మాట. తన పనిని వెక్కిరిస్తున్నదేమోనని రాజనర్సయ్యకు కోపమొచ్చింది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. కిరోసిను స్టవ్వు వెలిగించి, పైన గిన్నె పెట్టడం మరిచిపోయి, వాకిట్లో నిలబడింది. అతను గట్టిగా కేకలేశాడు. ఆమె "తప్పయింది" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రుద్రమ్మ తప్పు ఒప్పుకోవడం అతను అంతకుముందు చూడలేదు. కోపం దిగిపోయి, దాని చోట భయం వచ్చి కూర్చుంది.

పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు ఏవేవో అడిగాడు. ఇప్పుడు ఏ నెల అన్నదానికి ఆమె సిగ్గుపడుతూ భర్త వైపు చూసింది. కొందరికి వయసు మీదపడకముందే మెదడు ఇలా అరిగిపోతుందనీ, మందు లేదనీ, జాగ్రత్తగా చూసుకోవాలనీ డాక్టరు మెల్లగా చెప్పాడు.  అరగడం అనే మాట అతనికి బాగా తెలిసిన మాటే. అరిగినదాని బదులు ఇంకోటి వేయలేకపోవడమే తెలియదు.

పక్కింటి వజీరున్నీసా అప్పటినుంచి వాళ్ళకు కుడిభుజమైంది. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, కుట్టినవి పంజాగుట్టలో ఒక దుకాణానికి ఇచ్చివస్తుంది. రుద్రమ్మను అక్కా అనీ, రాజనర్సయ్యను అన్నా అనీ పిలుస్తుంది. మిషను తొక్కుతూనే తలుపులోంచి రుద్రమ్మ మీద ఒక కన్ను వేసి ఉంచేది.

ఎనభై నాలుగు అక్టోబరు చివర, ప్రధానమంత్రిని ఢిల్లీలో ఆమె ఇంటి దగ్గరే కాల్చి చంపారని రేడియో చెప్పింది. వజీరున్నీసా పరుగున వచ్చింది. గల్లీ అంతా రాజనర్సయ్య రేడియో చుట్టూ చేరింది. రుద్రమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. ఇందిరమ్మ మెదక్ నుంచి పోటీ చేసినప్పుడు రుద్రమ్మ తల్లిగారింట్లో ఉంది, సభకు నడిచిపోయి దూరంనుంచి చూసింది. అప్పటినుంచీ ఆ మనిషి తమ ఊరి ఆడబిడ్డ అన్నట్టే మాట్లాడేది.

మర్నాడు పొద్దున రోజూలాగే పేపరు చదవమంది. రాజనర్సయ్య చదివాడు. రుద్రమ్మ మొహం తెల్లబోయింది. "ఇందిరమ్మనా? ఎప్పుడు?" అంటూ నిన్నటిలాగే కూలబడి, నిన్నటి ఏడుపంతా మళ్ళీ ఏడ్చింది. ఆ తర్వాతి రోజు కూడా అంతే. అందరికీ ఒక్కసారే పోయిన మనిషి రుద్రమ్మకు రోజూ పొద్దున్నే పోతూ ఉంది. ఇక అతను చదవడం మానేసి వానల సంగతో, ఉల్లిగడ్డల ధరో చెప్పి ఊరుకోసాగాడు. ఒకరోజు ఆమే అడిగింది, ఇందిరమ్మ మళ్ళీ మెదక్‌కు ఎప్పుడొస్తుందని. రాజనర్సయ్య పేపరు మడిచాడు.

"ఎండాకాలంల వస్తదట. పేపర్ల రాసిండ్రు" అన్నాడు.

"అప్పుడు పోదాం" అంది రుద్రమ్మ తృప్తిగా.

వార్తల విషయంలో ఎవడు అబద్ధమాడినా ఊరుకోని మనిషి అతను. ఆ రోజునుంచి రోజుకొక వార్త అల్లి చెప్పడం నేర్చుకున్నాడు. ఆ వార్తల్లో కర్ఫ్యూలు లేవు, ఇళ్ళు తగలబడడం లేదు, రైళ్ళు పడిపోవడం లేదు. మంజీర నదిలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఆమె నిద్రపోయాక అసలు పేపరు తీసి మౌనంగా చదువుకునేవాడు. ఇంతకుముందైతే ఇలా చేస్తే సరిపోతుందని ప్రతిదానికీ ఒక మందు చెప్పేవాడు. ఇప్పుడు ఏ వార్తకూ ఏ మందూ తోచేది కాదు. చెప్పినా ఎగతాళి చేసి సరిదిద్దే మనిషి లేదు.

అలా ఉండగా రిటైర్‌మెంటు వయసు మళ్ళీ యాభై ఎనిమిది చేశారు. కోర్టుల్లో నలిగి నలిగి, ఇంటికి పంపినవాళ్ళను వెనక్కి తీసుకోవాలని తేలింది. రాజనర్సయ్యకు ఆఫీసునుంచి కబురొచ్చింది. ఏ రోజు కోసం రోడ్డెక్కి అరిచాడో ఆ రోజు వచ్చింది. ఇల్లు గడవడానికి ఆ జీతం కావాలి. దానికన్నా, నలుగురిలో పడి ఒక పూట మామూలు మనిషిలా కూర్చోవాలని లోపల ఎక్కడో ఆశగా కూడా ఉంది. ఆ ఆశకు తనమీద తనకే అసహ్యమేసింది. వజీరున్నీసా ధైర్యం చెప్పింది. "ఫికర్ చేయకుండ్రి అన్నా, నేనున్న గద" అంది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒకనాడు వజీరున్నీసా జాకెట్లు ఇవ్వడానికి పంజాగుట్ట పోయి వచ్చేసరికి రుద్రమ్మ ఇంట్లో లేదు. గల్లీగల్లీ తిరిగి, సాయంత్రానికి యూసుఫ్‌గూడలో దొరకబుచ్చుకుంది. ఎవరిదో ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ ఇంటి ఇల్లాలితో కలిసి బియ్యంలో రాళ్ళు ఏరుతోందట రుద్రమ్మ. ఇది తన తల్లిగారిల్లనీ, అమ్మ పొలంనుంచి రాగానే అన్నం తిని పోతాననీ చెప్పిందట. ఆ ఇల్లాలు మంచిది, కాదనలేదు. కానీ రుద్రమ్మ పాదాలు రెండూ చీరుకుపోయి ఉన్నాయి, పెద్దరోడ్డు దాటేటప్పుడు ఏదో బండి రాసుకుపోయి మోచెయ్యి కమిలింది. ఆ రాత్రి వజీరున్నీసా తన వల్లే ఇలా అయిందని ఏడ్చింది. రాజనర్సయ్య ఆమెను ఓదార్చాడు.

ఆ ఆదివారం అతను అమీర్‌పేటలో సామాన్ల దుకాణంనుంచి ఒక గొళ్ళెం తెచ్చాడు. వాళ్ళ వీధి తలుపుకు బయటివైపు గొళ్ళెం లేదు. ఎప్పటిదో తుప్పు పట్టి ఊడిపోతే మళ్ళీ పెట్టలేదు. ఇంట్లో ఎప్పుడూ రుద్రమ్మ ఉండేది, తాళం వేసే అవసరమే రాలేదు. ఇప్పుడు తలుపు తెరిచి, బయట మెట్టు మీద నిలబడి, పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాడు. రుద్రమ్మ వచ్చి పక్కన నిలబడింది. మిగతావన్నీ పోయినా ఆ చేతులకు పని గుర్తుంది. అడగకుండానే మరమేకులు అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే అందించసాగింది.

"బయట ఎందుకు పెడ్తున్నవయ్యా?" అంది.

"దొంగల భయం ఎక్కువైంది."

"మనింట్ల దొంగలకేం దొరుకుతది?"

"నువ్వున్నవ్ గద" అన్నాడు.

రుద్రమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత అలా నవ్వింది. ఆఖరి మరమేకు అతని చేతిలో పెట్టింది. అతను చేసిన పనుల్లో అంత నిక్కచ్చిగా కుదిరింది ఇంకోటి లేదు. చప్పుడు రాకూడదని నూనె కూడా వేశాడు.

సోమవారంనుంచి స్టవ్వు, అగ్గిపెట్టె రెండూ వజీరున్నీసా ఇంట్లో పెట్టి, రుద్రమ్మకు తినిపించి, మెల్లగా గొళ్ళెం వేసి ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం వజీరున్నీసా తీసి అన్నం పెట్టి కాసేపు కూర్చునేది. అడిగితే అంతా బాగుందనేది. అలా కొన్ని వారాలు గడిచాక ఒక సాయంత్రం గల్లీ మొదట్లోనే ఎదురొచ్చి ఆపింది.

"అన్నా, మీకు చెప్పొద్దనుకున్న. గని దిల్ ఒప్పుతలేదు. మీరు పోంగనే అక్క తలుపు కాడ నిలబడుతది. బయటికి పోనియ్యమని కాదు. తనే బయట ఉన్న అనుకుంటుంది. మీరు లోపలున్నరట, కోపంతోని తీస్తలేరట. తప్పయింది, లోపలికి రానియ్యి అని మస్తు బతిమిలాడుతది. నేను పోయి తీసిందాక గదే మాట."

మర్నాడు రాజనర్సయ్య గొళ్ళెం వేసి గల్లీ చివరిదాకా పోయి వెనక్కొచ్చాడు. చెప్పులు విడిచి మెట్టెక్కి తలుపుకు చెవి ఆనించాడు. లోపల అరచేత్తో తలుపు తడుతున్న చప్పుడు.

"చీకటైతున్నదయ్యా. తప్పయింది. ఇంకెప్పుడు చెయ్య. లోపలికి రానియ్యి."

బయట పట్టపగలు. పాలవాడి సైకిలు పోతోంది. అతను ఎలా గొళ్ళెం తీశాడో అతనికే తెలియదు. రుద్రమ్మ చెంపలు తడిగా ఉన్నాయి. అతన్ని చూసి, "ఇప్పటికన్న తీసినవ్" అంటూ గడప దాటి గల్లీలోకి వచ్చింది. నడిరోడ్డు మీద నిలబడి, ఇల్లు చేరిన మనిషిలా కొంగు దులుపుకుని, ఊపిరి పీల్చుకుంది.

ఆ రోజు ఆఫీసుకు పోయి ఇక రానని రాసిచ్చాడు. పైఅధికారి ఆశ్చర్యపోయాడు, ఇంకా ఉన్న సర్వీసు పూర్తి చేసుకోమన్నాడు, ఇన్నాళ్ళు కొట్లాడింది దీనికే కదా అన్నాడు. ఔనన్నాడు రాజనర్సయ్య. కాగితం బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాడు.

గొళ్ళెం ఊడదీశాడు. ఇక పూటపూటా ఆమెతోనే ఉన్నాడు. తల దువ్వాడు, చీర కట్టాడు, ఆమె నడుస్తానంటే చెయ్యి పట్టుకుని మధురానగర్ దాకా నడిపించి తెచ్చాడు. ఒక దశ వచ్చింది, అతను భర్త అన్న సంగతి కూడా ఆమెలోంచి పోయింది. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి బిగిస్తూ కనిపిస్తాడు గనుక మేస్త్రీ అని పిలవడం మొదలుపెట్టింది. అతను పలికేవాడు.

"మేస్త్రీ, జల్ది కానియ్యి. మా ఆయిన వచ్చే యాళ్ళయింది" అంది ఒకరోజు.

"మీ ఆయిన ఎసొంటోడమ్మా?" అని అడిగాడు తల తిప్పకుండా.

 "మంచోడే" అంది రుద్రమ్మ. "గని నా మీద కోపమొచ్చింది. ఇంటికొస్తలేడు."

కోపం లేదమ్మా అని చెప్పాలనుకున్నాడు. మేస్త్రీ చెబితే ఆమె ఎందుకు నమ్ముతుంది? చేతిలోని పని ముగించి, లేచి పెరట్లోకి పోయి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఎనభై ఏడు వానాకాలంలో రుద్రమ్మకు జ్వరమొచ్చింది. తగ్గలేదు. ఒక ఉదయం రాజనర్సయ్య చెంచాతో నీళ్ళు పోస్తుండగా మింగడం ఆపేసింది. తల్లిగారి ఊరినుంచి తమ్ముళ్ళు వచ్చారు. పంజాగుట్ట శ్మశానానికి ముసురులోనే నడిచారు. అన్నీ రాజనర్సయ్య తన చేతులతోనే చేశాడు, ఎక్కడా తొట్రుపడలేదు. ఏడవలేదని ఒకరిద్దరు చెవులు కొరుక్కున్నారు కూడా.

ఇంటికొచ్చి స్నానం చేశాక వజీరున్నీసా టీ తెచ్చి ముందు పెట్టింది. గ్లాసు అందుకున్నాడు.

"నాకు కోపం లేదని దానికి తెల్వకనే పోయింది, చెల్లె" అన్నాడు.

గ్లాసు కింద పెట్టి, గోడకు తల ఆనించి, పెద్దగా ఏడ్చాడు. వజీరున్నీసా ఊరుకోమని అనలేదు. గల్లీలోవాళ్ళు తొంగిచూడకుండా తలుపు దగ్గరికి వేసి, బయట మెట్టు మీద ముసురులోనే కూర్చుంది. పలకరించడానికి వచ్చినవాళ్ళకు, జర ఆగి రండి అని చెప్పి పంపించసాగింది.