బందరులో రెండు వీధుల అవతల

ఆ నవల చదివినవాళ్ళంతా ఒకటే పాట: మహానగరంలో ఎవరికి ఎవరూ పరాయివాళ్ళు కారని చెబుతుందట. నాకలా అనిపించలేదు. ఆరు వీధులు, ఆరు కుటుంబాలు. చివర్లో రచయిత ఒక లిఫ్టు చెడగొట్టి, అందర్నీ అందులో ఇరికించి, చూశారా ఎలా కలిపానో అంటాడు. లిఫ్టు నడిచి ఉంటే? ఎవరి అంతస్తులో వాళ్ళు దిగి ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు.

ఈ మాట సుగుణ గారి మొహం మీద అనడానికే బయల్దేరాను. హైదరాబాదులో తొమ్మిదేళ్ళు మావి ఎదురెదురు ఫ్లాట్లు. నవల ఇచ్చింది ఆవిడే. జబ్బు ముదిరి అవనిగడ్డలో తమ్ముడింటికి చేరాక ఫోన్ చేసింది: "చదివారా? అయితే పోట్లాడ్డానికి రండి. త్వరగా రావాలి సుమండీ." నేను బయల్దేరిన రోజు సాయంత్రం నుంచి ఫోనెత్తలేదు. నిద్రపోతోంది కాబోలనుకున్నాను.

రాత్రి రైలెక్కితే గుడివాడలో తెల్లారింది. అక్కడ ఎక్కిన పెద్దావిడ సంచీ సర్దుకోకముందే మొదలుపెట్టింది.

"ఎవర్ని చూడ్డానికమ్మా? ఏమవుతుంది నీకు?"

"ఏమీ కాదండీ, ఎదురింటావిడ."

"ఏమీ కాకుండానే ఇంత దూరమా! మా తోడికోడలు పక్కూర్నించి రాదు."

కిటికీ బయట కోసేసిన చేలు, బురద.

ఏడున్నరకి బందరు. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని ఎనిమిదింటి బస్సెక్కాను. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. మీరు వెళ్తే కిటికీ పక్కన కూర్చోండి. నేను నీళ్ళు చూళ్ళేదు, వాదన కూర్చుకుంటున్నాను.

పదింటికి వెళ్తే తమ్ముడిగారింటికి తాళం. పక్కింటాయన గేటు దగ్గరే చెప్పాడు: "నిన్న సాయంత్రం ఊపిరాడకపోతే బందరు తీసుకెళ్ళారండీ. బస్టాండుకి రెండు వీధుల అవతలే ఆసుపత్రి."

అంటే చట్నీ పుల్లగా ఉందని నేను దెబ్బలాడుతున్నప్పుడు ఆవిడ అక్కడే ఉంది. నవల్లో అయితే రచయిత మమ్మల్ని కలిపేవాడు.

మళ్ళీ బస్సు. పన్నెండున్నరకి ఐసీయూ తలుపు దగ్గర నర్సు ఆపింది.

"పేషెంటుకి మీరేమవుతారు మేడం?"

"ఎదురింట్లో ఉండేదాన్ని."

"ఫ్యామిలీకేనండీ లోపలికి. కూర్చోండి."

కూర్చున్నాను. ఎప్పుడూ లేనిది, ఎదురు చెప్పలేదు.

మూడింటికి తమ్ముడు బయటికొచ్చాడు. మొహం చూశాక అడగాల్సిన పని లేకపోయింది. "అక్క చెప్పిన పోట్లాటావిడ మీరేనా అండీ? వచ్చి ఎంతసేపయింది?" అన్నాడు. చెప్పాను.

"అయ్యో, చెల్లెల్నని ఒక్క ముక్క అంటే పంపించేవారు కదండీ!"

అవనిగడ్డకి బయల్దేరిన అంబులెన్సులో ఇంట్లోవాళ్ళకే చోటు సరిపోయింది. నేను సాయంత్రం రైలెక్కాను. గుడివాడలో పెట్టె నిండిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు "వదినగారూ, కాస్త జరగండి", "బావా, ఆ సంచీ ఇటివ్వు" అనుకుంటూ సర్దుకున్నారు. నేనూ జరిగాను. నవల మీద నా వాదన మారలేదు, వినాల్సిన మనిషే లేదు. తమ్ముణ్ణి అడగాల్సిందొకటి మాత్రం అడగలేకపోయాను: పోట్లాడే మనిషి వచ్చి తలుపవతల కూర్చుందని ఆవిడకి ఎవరైనా చెప్పారా?