సాకిరి రేవు బోర్డు

మా చిన్నప్పుడు... శారదా ఏటి ఒడ్డున మా ఊళ్లో ఎవరికి ఎవరితో తగువొచ్చినా, కబురు మా మామ్మకే వచ్చేది. మా నాన్నగారి అమ్మ. చీర కుచ్చెళ్లు పైకి దోపి, మోకాల్లోతు నీళ్లలోకి దిగి, తగువు పడ్డ ఇద్దర్నీ చెరోపక్క నిలబెట్టేది. దోసిట్లో ఏటి నీళ్లు పట్టుకుని, జరిగింది చెప్పి, ఆ నీళ్లు తాగాలి. అంతే పంచాయితీ.

ఒకసారి కోడిపుంజు గొడవ. నాదంటే నాదని పొద్దున్నించీ అరుచుకున్న ఇద్దరిలో ఒకాయన, దోసిలి నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. నీళ్లన్నీ వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి...

"పుంజునిచ్చీరా నాయినా" అంది మామ్మ, మెల్లగా. ఎవరూ నవ్వలేదు. ఆయన్ని దొంగ అని కూడా ఎవరూ అనలేదు.

ఆ రేవు పేరు సాకిరి రేవు. సాకిరి అంటే సాక్షి... ఏరే సాక్షి. ఎన్ని తరాల నుంచో తెలియదు. మామ్మకి వాళ్లత్త చెప్పింది, ఆవిడకి వాళ్లత్త చెప్పిందట.

ఇక నా ఘనకార్యం వినండి.

ఐదో తరగతిలో మాకు గోదావరి జిల్లా నుంచి కొత్త మేష్టారు వచ్చారు. మంచాయనే. కానీ నేను "సేపలు" అన్నప్పుడల్లా "చేపలు అనాలమ్మా" అనేవారు. క్లాసంతా గొల్లుమనేది... వాళ్లేదో పుట్టినప్పట్నుంచీ చేపలే తిన్నట్టు! నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. కనబడ్డ ప్రతి 'స'నీ 'చ' చేసిపారేశాను. ఆఖరికి సైకిల్ని కూడా చైకిల్ అనేసరికి, మా చిన్నాన్న నన్ను "చైకిలమ్మా" అని పిలవడం మొదలెట్టాడు.

అలాంటి రోజుల్లో మేష్టారు, పెద్దల్ని అడిగి ఊరి చరిత్ర రాసుకురమ్మన్నారు. బాగున్నదాన్ని పంచాయితీ వాళ్లు రేవు దగ్గర బోర్డు మీద రాయిస్తారని చెప్పారు. నేను నోట్సు పట్టుకుని మామ్మ ముందు కూర్చున్నాను.

"రాయే అమ్మీ... ఇది సాకిరి రేవు. ఏరే మనకి సాకిరి. ఈ నీల్లట్టుకుని అబద్దమాడినోడు నేడు" అంది. మా యాసలో నేడు అంటే లేడు.

నేను రాసింది ఇదీ... "ఇది చాకిరి రేవు. పూర్వం ఇక్కడ బట్టలు ఉతికేవారు."

బట్టలుతకడం తప్పని కాదు. అది మా రేవు కథ కాదు, అంతే.

తెలియక రాశానని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒట్టి అబద్ధం. పేరు వరకూ పొరపాటే అనుకుందాం... మిగతాది మాత్రం నాకు చక్కగా వినబడింది, అర్థమైంది కూడా. నీళ్లలో నిలబడి ప్రమాణాలు చేస్తారంటే మేష్టారు నవ్వుతారేమోనని సిగ్గేసింది. ఆ ముక్క మింగేసి, ఊరందరి చేతా బట్టలు ఉతికించేశాను.

"ఏటి రాసినావో ఓపాలి సదువు" అంది మామ్మ. ఆవిడకి అక్షరం ముక్క రాదు. నేను నోట్సులోకి చూస్తూ, అందులో లేనిదంతా... ఆవిడ చెప్పింది చెప్పినట్టు... తడబడకుండా చదివేశాను. మామ్మ నా తల నిమిరింది.

నాదే బాగుందన్నారు. మా ఊరి పెయింటరు సింహాచలం బాబాయి, పచ్చటి రేకు మీద నల్లక్షరాలతో నేను రాసింది ఉన్నదున్నట్టు దించాడు. ఏటికెళ్లినప్పుడల్లా మామ్మ ఆ అక్షరాలు చేత్తో తడిమేది. "మా మనవరాలు రాసింది" అని వచ్చినవాళ్లందరికీ చూపించేది.

మూణ్నెల్ల తర్వాత, పొలం గట్టు తగాదాతో ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. పెద్దవాడు నీళ్లలోకి దిగాడు. కాస్త చదువుకున్న తమ్ముడు మాత్రం దిగనన్నాడు.

"బోర్డు మీదేటుందో సూడు మామ్మా! చాకిరి రేవు, బట్టలుతికే సోటని రాసుంది. ఇక్కడేటి పెమాణాలు?"

మామ్మ నా వైపు తిరిగింది. "నువ్వు సదివినప్పుడలా నేదు కదే?"

అప్పుడైనా చెప్పొచ్చు కదా... చెప్పలేదు. "పెయింటర్ బాబాయి తప్పు రాసీసినాడు మామ్మా" అన్నాను. ఆ ఏటి ఒడ్డునే నిలబడి.

నమ్మింది. పోయేదాకా నమ్మింది. సింహాచలం బాబాయి ఎదురొస్తే మొహం తిప్పుకునేది. ఎందుకో ఆయనకి పాపం ఎప్పటికీ తెలియలేదు. ఆ అన్నదమ్ములు పోలీస్ స్టేషన్‌కెళ్లారు. తర్వాత ఇంకెవరూ మామ్మని నీళ్లలోకి దిగమనలేదు.

ఇప్పుడు నేను పెందుర్తిలో ఉంటున్నాను, పోర్టులో ఉద్యోగం. మొన్న మా అన్నయ్య కొడుకు ఊరి నుంచి ఫోటో పంపాడు. రేవు దగ్గర నున్నటి నల్లరాయి. పాత బోర్డు మీదున్న చరిత్ర దాని మీద చెక్కిస్తారట.

"నువ్వు రాసిందే కదేటత్తా! సోమారం సెక్కుతారు. ఏటైనా కలపాలా?" అని మెసేజ్.

నాలుగుసార్లు టైపు చేసి చెరిపేశాను. ఆఖరికి ఫోన్ చేశాను. కలపడం కాదురా, మొత్తం మార్చాలి అని, నోట్సు దగ్గర్నుంచి పెయింటరు దాకా అంతా చెప్పేశాను. వాడు తిడతాడేమో అనుకున్నాను... తిట్టినా బాగుండేది.

"సరే అత్తా, మార్పించీస్తాను. గానీ... సాకిరంటే ఏటి?"

ఆ ఊళ్లో పుట్టి, ఆ ఏటి ఒడ్డునే పెరిగిన కుర్రాడికి ఆ మాటే తెలియదు. రాయి మీద పేరు సరిగ్గానే పడుతుంది. కానీ దోసిట్లో నీళ్లు పట్టుకుని తప్పు ఒప్పుకునే రోజులు... ఒక చదువుకున్న పిల్ల సిగ్గుపడితే పోయాయి.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు అన్న మాటని "అలా కాదు" అని దిద్దేసిన సంగతి ఉంటే, కింద రాయండి. ఆ మాట తెలిసినవాళ్లు ఇంకా ఉంటే మాత్రం, ముందు వెళ్లి వాళ్లని అడగండి.

సింహాచలం బాబాయి ఉన్నాడు, బాగా పెద్దవాడైపోయాడు. ఆదివారం వెళ్లి ఆయన కాళ్ల మీద పడతాను... మామ్మకి మాత్రం ఆ తప్పు పెయింటరుదే.