రెండు ఆంబోతుల మీద అనుమానం

కోవిడ్‌కి రెండేళ్ల ముందు, వేసవి చివర. నెబ్రాస్కా గడ్డి కొండల్లో వాల్ట్ అనే పెద్దాయన పశువుల రాంచ్.

ఒమాహాలో మా తెలుగు చర్చి కుర్రాళ్లు "అంకుల్, మీది ఏ టెక్నాలజీ?" అని అడిగితే "తోక వెంట్రుకలు" అనేవాణ్ణి. అబద్ధం కాదు. పశువుల జీనోమిక్ టెస్టింగ్ ల్యాబ్‌కి నేను ఫీల్డ్ మనిషిని. కుదుళ్లతో పీకిన వెంట్రుకల్లో డీఎన్ఏ చూసి, ఏ దూడకి తండ్రి ఎవరో, ఏ పెయ్యని మందలో ఉంచుకోవచ్చో చెబుతాం.

ఆ వసంతంలో వాల్ట్ తొలిచూలు పెయ్యలు ఈనలేక అల్లాడాయి. దూడలు మరీ పెద్దవి, అది తండ్రి నుంచి వచ్చే గుణం. కాళ్లకి చైన్లు కట్టి లాగినా మూడు పెయ్యలు దక్కలేదు. పచ్చికలో వదిలినవి రెండు నల్ల ఆంబోతులు. 'జడ్జి' వాల్ట్ కొన్నది. అది తుమ్మితే పక్క కౌంటీలో కోళ్లు లేచేవి. 'డీకన్', అంటే చర్చి పెద్ద, ఆయన భార్య మార్జ్ ఏరినది. తప్పు దేనిదో తేలితే దాన్ని కబేళాకి పంపాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ ఒక్క మాట మీదే ఒప్పుకున్నారు.

"డాక్, ఆ డీకన్‌ది దొంగ మొహం," అన్నాడు వాల్ట్ నాతో. ఆయనకి నేను 'డాక్'నే.

"మొహం చూసి తేల్చేదాన్నయితే నిన్ను పెళ్లాడేదాన్నా?" అంది మార్జ్.

బతికిన దూడలవీ, ఆంబోతులవీ వెంట్రుకలు పీకాను. జడ్జి తన్నిన తన్నుకి నా టోపీ పక్క రాష్ట్రం కాన్సాస్‌లో దిగింది.

కొన్ని వారాలకి రిపోర్టు పట్టుకుని వాళ్ల వంటింట్లో కూర్చున్నాను.

"జడ్జి కాదు," అన్నాను. వాల్ట్ బల్ల చరిచాడు.

"డీకన్ కూడా కాదు."

"మరి దూడలు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?" అన్నాడు వాల్ట్.

"కంచె అవతల ఎవరి పశువులు?" అని అడిగాను.

మార్జ్ కాఫీ కప్పులోకి చూస్తూ, "మా తమ్ముడివి," అంది.

వాగు మలుపులో కంచె తీగ తెగిందని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ యేడంతా ఎదుటివాళ్ల ఆంబోతుని కాపలా కాయడంతోనే సరిపోయింది. తమ్ముడి ఆంబోతు వెంట్రుకలు పరీక్షిస్తే సరిగ్గా కలిశాయి. అతని మందలో అన్నీ ముదురు ఆవులే కాబట్టి పెద్ద దూడల్నీ సునాయాసంగా ఈనేవి. అతనికి అనుమానమే రాలేదు.

"మా వాడికి అంత ఓపికుందని నాకే తెలీదు," అన్నాడతను వాల్ట్‌తో. తెలుగువాడైతే చివర 'బావా' అని తగిలించేవాడు.

మర్నాడు ముగ్గురూ కలిసి తీగ బిగించారు. జడ్జీ, డీకనూ కబేళా తప్పించుకున్నాయి.

ల్యాబ్‌కి మనం పంపిన వెంట్రుకల సంగతే తెలుస్తుంది. ఎవరెవర్ని అనుమానించాలో అది చెప్పదు. అప్పట్నుంచి ఏ రాంచ్‌కి వెళ్లినా ముందు కంచె చుట్టూ తిరుగుతున్నాను. ఆ వంటింటి కాఫీ మాత్రం మళ్లీ ఎక్కడా దొరకలేదు.

తీగ బిగించాక చూలు కట్టిన పెయ్యలు పచ్చిక మీద వాటంతటవే ఈనాయి. వాల్ట్ ఫోన్ చేశాడు: "డాక్, రాత్రంతా మెలకువగానే ఉన్నాం. చేయడానికి పనే లేదు. అందుకని ఇద్దరం కూర్చుని పోట్లాడుకున్నాం."