ముప్పై కార్లు, మూడు అక్షరాలు

మా కొట్లో ఏ వస్తువు తిరగేసి చూసినా ఒక మూల రెండో మూడో తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. గాజుల డబ్బా అడుగున, దువ్వెన అట్ట వెనక, చివరికి పిల్లలాడుకునే బంతి మీద కూడా. అది మేం కొన్న ధర. అంకెల్లో రాస్తే వచ్చినవాళ్ళు చదివేస్తారు కాబట్టి, ఒక్కో అంకెకి ఒక్కో అక్షరం చొప్పున పది అక్షరాలు పెట్టుకుని వాటితో రాస్తారు. బేరం ఎంతవరకు దిగొచ్చో ఆ అక్షరాలు చూస్తే తెలిసిపోతుంది. తెలిసేది మాత్రం మా అత్త ఒక్కదానికే.

నరసన్నపేటలో హైవే దిగి బజారులోకి తిరిగే దారిలో మా ఫ్యాన్సీ కొట్టు ఉంది. మావయ్య పోయాక దాన్ని నిలబెట్టింది మా అత్తే. నేను ఆ కొట్లో కూర్చోవడం మొదలుపెట్టి పన్నెండేళ్ళు. ఈ పన్నెండేళ్ళలో ఆ పది అక్షరాలేమిటో ఆవిడ నాకు చెప్పలేదు. నేను బేరమాడుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని వింటుంది. ఇంక దిగొద్దు అన్నప్పుడు ముక్కుపుడక సవరించుకుంటుంది. అంతే, అది నాకు సైగ. ఆవిడ భోజనానికి ఇంటికి వెళ్ళిన వేళ ఎవరైనా వచ్చి బేరానికి దిగితే, ఆ అక్షరాలు ఫోనులో చదివి వినిపించి, ఎంతకి ఇవ్వమంటావని అడగాలి. కొనేవాళ్ళ ఎదురుగా అలా కూడబలుక్కుని చదువుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. పాత బిల్లులు తీసి సరిచూసుకుంటే వారం రోజుల్లో పట్టేసేదాన్నే. కానీ పట్టలేదు. తనంతట తను చెబితే తెలుసుకుంటాను, లేకపోతే నాకక్కర్లేదు అని పంతం పట్టాను. పంతానికి నేనేం తక్కువ తినలేదు.

అలాంటి కొట్లో నాకంటూ ఒక అర కావాలని అడిగాను. ఇంజనీరింగ్ కాలేజీ బస్సు మా కొట్టు ఎదురుగానే ఆగుతుంది. ఆ పిల్లలు దిగి వచ్చి అరచేతిలో పట్టే ఇనుప బొమ్మ కార్లు ఉన్నాయా అని అడిగేవారు. ఆడుకోడానికి కాదు, దాచుకోడానికి. రెండు మూడు నెలలకోసారి కొత్త రకాలు వస్తాయట. వచ్చినవి కొద్దిగానే వస్తాయట. అట్టపెట్టె మీద చిన్న గీత పడినా వాళ్ళ లోకంలో దాని విలువ సగానికి పడిపోతుందట. విశాఖపట్నం హోల్‌సేల్ వాడికి ఫోన్ చేస్తే, సరుకు విడుదల కాకముందే చెప్పి ఉంచితే ధర తగ్గిస్తానన్నాడు. ఒకటీ రెండూ ఇవ్వడు, ముప్పై కార్ల పెట్టె మొత్తం తీసుకోవాలి. ఆ తగ్గింపులో కొంత నేనూ ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాను. కారు మీద అచ్చు వేసిన ధర నాలుగు వందలు. ముందుగా పేరు రాయించుకున్నవాళ్ళకి మూడు వందల నలభై.

మా అత్తకి ఇది బొత్తిగా మింగుడు పడలేదు. మా కొట్లో తగ్గింపు అంటే, వచ్చినవాళ్ళు అడగాలి, మేం కుదరదనాలి, వాళ్ళు మెట్లు దిగి నాలుగడుగులు వెయ్యాలి, అప్పుడు వెనక్కి పిలిచి తగ్గించాలి. ఎవరూ అడగకుండానే, సరుకు రాకుండానే తగ్గించడం ఆవిడ ఎరగదు. రెండు రోజులు గొణిగి చివరికి ఒప్పుకుంది.

"ఒక్క పెట్టి తెప్పించు. అమ్ముడైతే ఆ అర నీదే. అవకపోతే మళ్ళీ గాజులు సర్దేస్తాను, నువ్వేటీ అనకూడదు."

నేను సరేనన్నాను. సరేనన్నాను గానీ, ఆ రోజునుంచి ఆ ఖాళీ అర రోజుకి పదిసార్లు తుడిచేదాన్ని. కొట్లో నేను ఎంచి తెప్పించిన వస్తువు అప్పటిదాకా ఒక్కటీ లేదు. ఇది పోతే ఇంకోటి ఉండదని నాకు తెలుసు.

మొదట పేరు రాయించుకున్నది కాలేజీ పిల్లలు కాదు. సముద్రం ఒడ్డున రేవులో చేపలు వేలం పాడుకుని హైవే మీద వ్యానుల్లో పంపించే వ్యాపారి ఒకాయన. యాభై ఏళ్ళుంటాయి. మొదటిసారి వచ్చినప్పుడు కూతురికి క్లిప్పులు కొనడానికొచ్చాడనుకున్నాను. జేబులోంచి కర్చీఫు తీసి చేతులు రెండుసార్లు తుడుచుకుని, కొత్త కార్లు ఎప్పుడొస్తాయని అడిగాడు. చిన్నప్పుడు కొనుక్కోలేకపోయానని, ఇప్పుడు ఇంట్లో అద్దాల బీరువా నిండా పెట్టానని, భార్య నవ్వుతుందని ఆయనే చెప్పాడు. అయిదు రకాలు వస్తున్నాయంటే, తెరిచి చూసుకోడానికి ఒకటి, దాచుకోడానికి ఒకటి చొప్పున పది రాయమన్నాడు. ముందుగా చెప్పుకుంటే తగ్గింపు ఉందనేసరికి ఆయనకి ఎక్కడలేని ఆశ్చర్యం వేసింది.

"మా సేప పొద్దున్న పాటలో బంగారం సెల్లీ. ఎండెక్కితే దిగిపోతాది, సాయంత్రానికి అడిగేవోడుండడు. ఈ కారు ఎదురు నడుస్తన్నాది. రాకముందు సవక, వచ్చాక ఖరీదు."

ఆ మాట నాకు బాగా నచ్చి మా అత్తకి చెప్పాను. ఆవిడకి నచ్చలేదు. ఆ తర్వాత కాలేజీ పిల్లలు పదహారు రాయించుకున్నారు. మిగిలిన నాలుగూ అరలో పెట్టుకుందామనుకున్నాను. పెట్టెల మీద చెయ్యి కూడా సరిగ్గా పడనివ్వనని అందరికీ మాటిచ్చాను.

సరుకు వచ్చిన రోజు మా అమ్మాయి స్కూల్లో మీటింగు. పదకొండింటికి కొట్టుకి తిరిగొచ్చేసరికి నా అర నిండుగా ఉంది. ముప్పై కార్లు వరసగా, రంగుల వారీగా ముచ్చటగా సర్దింది మా అత్త. ప్రతి పెట్టె మీదా పైన ఎడమ పక్కన పసుపు బొట్టు, దాని మధ్యలో కుంకుమ. ఒకటి తీసి తిప్పి చూశాను. వెనక కింది మూల నీలం బాల్ పెన్నుతో మూడక్షరాలు. మరోటి తీశాను, దాని మీదా అంతే. ముప్పైకి ముప్పై.

"కొత్త సరుకు కదే. బొట్టెట్టకండా అరలో ఎలాగ ఎడతాం," అంది ఆవిడ, నా మొహం చూసి.

తడి గుడ్డతో ఒకటి తుడవబోయాను. పసుపు అట్టలోకి ఇంకిపోయి ఇంకా పెద్దదైంది. అప్పుడు నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. నువ్వు చేతులారా నా అర ముంచేశావు అత్తా, నీకు కావలసింది ఇదే కదా, పెట్టుకో నీ గాజులు, అనేశాను. ఎదురు కొట్టు ఆయన తలెత్తి చూశాడు. మా అత్త స్టూలు కాస్త వెనక్కి లాక్కుని రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. నిజం చెప్పాలంటే, ఆవిడ కావాలనే చేసిందేమోనని నాకు ఆ పూటంతా అనుమానంగానే ఉంది. వినీ విననట్టున్నా, పెట్టె మీద గీత పడకూడదని నేను పిల్లలకి చెబుతుంటే ఆవిడ పక్కనే ఉంది మరి.

మధ్యాహ్నం కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. దాచి లాభం లేదు, చూడగానే తెలుస్తుంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. పిల్లలు ఊఁ కొట్టి, వచ్చి చూస్తామన్నారు. చేపల వ్యాపారి రేపొస్తానని మాత్రం అని ఫోన్ పెట్టేశాడు. పది కార్లు ఆయనవే. ఆయన వద్దంటే అర పోయినట్టే. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు రేవులో పాట అయిపోగానే వచ్చాడు. చేతులు తుడుచుకుని ఒక కారు అందుకున్నాడు. బొట్టు మీద వేలు ఒకసారి ఆనించి చూశాడు. వెనక్కి తిప్పి ఆ మూడక్షరాల దగ్గర ఆగిపోయాడు. మొహం మారింది. ఒకసారి ఎక్కడో దూరంనుంచి తెప్పించుకుంటే ఇలాగే పెన్ను రాతతో వచ్చిందట. లోపల చూస్తే ఎవరో వాడి, మళ్ళీ అతికించిన కారట.

"సెల్లీ, ఇది ఎవులో ఎనక్కిచ్చేసిన సరుకు కాదు కదా. ఉంటే ఉన్నాదని సెప్పేయి. నానేటీ అనుకోను."

కాదు అన్నాను. అది కొన్న ధర అంటే, చదివి చూపించమంటాడు. ఆ అక్షరాలేమిటో నాకే తెలియదని ఎలా చెప్పను. కొట్టు యజమానురాలిలా నిలబడి, నా సరుకు మీద రాసింది నాకే చదవడం రాదని ఆయనతో అనడానికి నోరు రాలేదు.

అప్పుడు మా అత్త స్టూలు మీంచి లేచింది. కారు ఆయన చేతిలోంచి తీసుకుని, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూపించింది.

"ఇది మూడు. ఇది ఒకటి. ఇది ఆరు. మూడొందల పదహారు. నా కోడలు కొన్న రేటది బాబూ. నిన్ననే పెట్టి ఇప్పి నానే రాసాను. బిల్లుంది, సూసుకో."

కన్నకొడుక్కి, అంటే మా ఆయనకి కూడా చెప్పని గుట్టు. బేరానికి వచ్చిన మనిషి ముందు, కొన్న ధరతో సహా విప్పేసింది. అది నా అర కోసమే. కావాలని పాడు చేసిన మనిషి ఇలా చెయ్యదు. నిన్న అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకే ఏదో బరువు దిగిపోయింది. అప్పటికి ఆయన ఇంకా కార్లు తీసుకుంటానని అననే లేదు, అయినా నాకు ఊపిరి ఆడింది.

బిల్లు తీసి కౌంటరు మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మూడు వందల పదహారు. మళ్ళీ కారు వెనక చూశాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇరవై నాలుగు రూపాయల లాభానికా పిన్నీ ఈ గోలంతా. మాకు ఐసుకే అంతకన్నా ఎక్కువౌతాది. బొట్టుకేటి, కొత్త వలకీ ఎడతాం. ఎట్టకండా నీట్లో దింపితే మాయమ్మ నన్ను ఇంట్లోకి రానియ్యదు."

ఆయన అమ్ముకోడానికి కొనడం లేదు, బీరువాలో పెట్టి చూసుకోడానికి కొంటున్నాడు. అది నేను ముందే ఆలోచించి ఉంటే ఆ పూట అన్నం మానేదాన్ని కాదు. పదీ తీసుకున్నాడు. అలాగని గుడ్డిగా తీసుకోలేదు. దాచుకునే అయిదూ వెలుతుర్లోకి పట్టుకెళ్ళి, బొట్టు చిన్నగా పడినవి ఏరుకున్నాడు. బొట్టు పెట్టినందుకు ఇంకో పది తగ్గించమని అడిగితే, పెట్టినందుకు పది ఎక్కువ తీసుకోవాలి అంది మా అత్త. ఇద్దరికీ ఆ బేరం సరదాగానే ఉన్నట్టుంది. ఒక్క రూపాయీ కదల్లేదు.

కాలేజీ పిల్లల్లో పదకొండు మంది తీసుకున్నారు. అయిదుగురు వద్దన్నారు, వాళ్ళ తప్పు లేదు. ఆ అయిదూ, నేను ఉంచుకున్న నాలుగూ నెల తిరక్కుండా వేరేవాళ్ళు కొనుక్కుపోయారు. వాళ్ళకి గీతలూ మరకలూ పట్టవు, పిల్లలు ఆడుకోడానికి కావాలి. ముందస్తు తగ్గింపు అయిపోయింది కాబట్టి నాలుగు వందలు చెప్పాను, బేరమాడితే మూడు వందల ఎనభైకి ఇచ్చాను. వద్దన్నవే ఎక్కువకి పోయాయని మా అత్త బజారంతా చెప్పింది. అర నాకు దక్కింది.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ నెల కాదు. చేపల వ్యాపారి వెళ్ళిన రోజు మధ్యాహ్నం రెండు గంటలు. ఎండకి బజారు ఖాళీ అయిపోయింది. ముందు రోజు అన్న మాటకి నేను క్షమించమని అడగలేదు, మా ఇళ్ళల్లో అలా అడగరు. రెండు టీలు తెచ్చి ఒకటి ఆవిడ పక్కన పెట్టాను. ఆవిడ తాగి, పెన్ను ఇలా తే అంది. ఖాళీ దువ్వెన అట్ట ఒకటి తీసుకుని దాని వెనక పది అక్షరాలు వరసగా రాసింది, ఒకటి నుంచి సున్నా దాకా. నా చేతికిచ్చింది.

ఆ అక్షరాలేమిటో ఇక్కడ రాయను. ఇంకా ఆ కొట్లోనే వ్యాపారం చేస్తున్నాను.

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాను. ఆవిడ ఖాళీ గ్లాసు వంక చూస్తూ చెప్పింది.

"అదీ నీకు తెలిసిపోతే నాకిక్కడ పనేటుంటాది. ఇంక ఇంటికాడ కూకో అత్తా అంటావని."

నేను కోడల్ని గనక నమ్మలేదనుకున్నాను పన్నెండేళ్ళూ. ఆవిడ ఆ స్టూలు ఎక్కడ పోతుందోనని భయపడిందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నువ్వు రాకపోతే నాకు షట్టరు ఎవరు తీస్తారు, ఎదురు కొట్టు ఆయన తీస్తాడా అన్నాను. ఆవిడ నవ్వింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి గానీ, అంతలో ఎవరో రిబ్బను కోసం వచ్చారు.

తర్వాతి పెట్టె వచ్చినప్పుడు ఇద్దరం ఉండి విప్పాం. బయటి పెద్ద అట్టపెట్టెకి ఒక్క బొట్టు పెట్టింది, కార్ల జోలికి పోలేదు. కొన్న ధర ఆ అక్షరాల్లోనే చిన్న చీటీ మీద రాసి నేనే అర అంచుకి అతికించాను. ఇప్పుడు ఏ వస్తువు ఎంతలో వచ్చిందో చూడగానే చెప్పగలను, ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు. అయినా ఎవరైనా బేరం మొదలుపెడితే ముందు ఆవిడ ముక్కుపుడక వైపే చూస్తాను. అలా చూస్తానని తెలిసి, ఆవిడా తీరిగ్గా సవరించుకుంటుంది.